వింత పాత్రలలో విందు భోజనం

ఈ రోజుల్లో పట్టణాలలో హోటలుకు వెళితే భోజనం పళ్లెంలోనే వస్తుందన్న నమ్మకం లేదు. చెక్కపలక మీద కబాబులు, చిన్న బకెట్లో కూర, రాగి గ్లాసులో నిమ్మరసం! ఇంగ్లండులో ఈ మోజు ఎంత ముదిరిందంటే, పార మీద మాంసం, టోపీలో రొట్టె వడ్డించటం చూసి విసిగినవారు 2015లో 'మాకు పళ్లేలు కావాలి' అంటూ ఒక ప్రచారమే మొదలుపెట్టారు. వేడుకను తప్పుపట్టనక్కరలేదు. అయితే ఆహారానికి తగిలే వస్తువు దేనితో చేసినది, దానిని పూర్తిగా కడగటం వీలవుతుందా అని మాత్రం చూసుకోవాలి.

ముందుగా రాగి సంగతి. నల్లబడిన రాగి చెంబును మనం చింతపండుతో తోముతాము. చింతపండులోని ఆమ్లం పైన పట్టిన కిలుమును కరిగించి తీసుకుపోతుంది గనుక చెంబు తళతళలాడుతుంది. అదే చింతపండు పులుసైనా, నిమ్మరసమైనా, మజ్జిగైనా రాగి పాత్రలో నిలవ ఉంటే, కరిగిన రాగి మన కడుపులోకి పోతుంది. రాగి శరీరానికి చాలా కొద్దిగా అవసరమే. ఒకేసారి ఎక్కువగా పోతే నోటిలో లోహపు రుచి, వికారం, వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు కలుగుతాయి. ఇవి తరచుగా తిన్న కొద్దిసేపటికే మొదలవుతాయి. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో అధికారులు 2017లో పుల్లని పానీయాలను వట్టి రాగి మగ్గులలో పోయరాదని, లోపల స్టీలు లేదా నికెల్ పూత ఉంటే ఫరవాలేదని హెచ్చరించారు.

మన పెద్దలు రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించింది ఇందుకే. కళాయి అంటే తగరపు పూత. కాబట్టి హోటలులో రాగి గిన్నె వస్తే లోపలివైపు చూడండి. తెల్లగా ఉంటే సరే. ఎర్రగా ఉండి అందులో పులుసు ఉంటే వేరే గిన్నెలో తెమ్మని అడగటానికి మొహమాటపడకండి. రాగి బిందెలో మంచినీళ్లు తాగటం వేరు సంగతి, నీళ్లలో పులుపు లేదు. ఆ నీళ్ల సీసాలోనే నిమ్మకాయ పిండుకునేవారున్నారు, అది మాత్రం మానాలి.

చెక్కకు ఉన్న చిక్కు వేరు. గట్టి చెక్క, పగుళ్లు లేనిది, కడిగి బాగా ఆరబెట్టినది అయితే ప్రమాదం తక్కువ. కత్తి గాట్లు పడి పగిలిన చెక్కలో మాంసరసం, కొవ్వు ఇంకి, తడి ఆరక సూక్ష్మక్రిములు పెరుగుతాయి. బర్మింగ్‌హామ్ నగరంలో శుభ్రం చేయటానికి వీలుకాని చెక్క పళ్లేలలో వడ్డించిన ఒక రెస్టారెంటుకు 2018లో 50,000 పౌండ్ల జరిమానా పడింది.

వార్తాపత్రికల పొట్లాలలో వేడి బజ్జీలు, చిప్స్ ఇవ్వటం కొన్నిచోట్ల ఇప్పుడు ఫ్యాషను. సిరాలోని రసాయనాలు నూనెతోపాటు ఆహారంలోకి వస్తాయి. మన దేశంలో ఆహారాన్ని వార్తాపత్రికలలో చుట్టి ఇవ్వటం నిషిద్ధం. విస్తరాకు, అరిటాకు కూడా పరదేశికి వింత పాత్రలే, కాని ఒకసారి తిని పారవేస్తాము గనుక వాటితో ఈ పేచీ లేదు. ఆకును మంచినీళ్లతో కడిగితే చాలు.

పొగలు కక్కే గిన్నెలతో మాత్రం మరీ జాగ్రత్త. ఆ పొగకు వాడే పొడి మంచు మైనస్ 78 డిగ్రీల చల్లదనంలో ఉంటుంది. గురుగ్రామ్‌లో 2024 మార్చిలో ఒక రెస్టారెంటులో భోజనం తరువాత దానిని నోట్లో వేసుకున్న ఐదుగురు రక్తం కక్కి ఆసుపత్రి పాలయ్యారు. పిల్లల చేతికి అందనివ్వకండి. పొగ పూర్తిగా పోయి, గడ్డలేమీ మిగలలేదని చూసుకొన్న తరువాతే తినాలి.

హోటలు భోజనం తరువాత వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. నీళ్లు కొద్దికొద్దిగా తాగించండి. రక్తం కనబడినా, పసిపిల్లలకు మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఏమి తిన్నారో చెప్పేటప్పుడు ఏ పాత్రలో తిన్నారో కూడా డాక్టరుగారికి చెప్పండి.