పారువేట పండక్కి పిల్లల టోపీలు: పాత పెళ్లిపత్రికతో కుళ్లాయి చేయడం ఎలా?

 మన పండగల్ని బడిలోకి తీసుకురావడం ఎలా అన్న వరుసలో ఇంకో ఎపిసోడ్ ఇది. ఇవాళ టోపీల గురించి మాట్లాడుకుందాం. ఏ టోపీలు అంటారా? అహోబిలం పారువేట ఉత్సవానికి పిల్లలు తమ చేతుల్తో తయారుచేసి, అలంకరించుకునే టోపీలు. వినడానికి చిన్న విషయంలాగే ఉంటుంది. కానీ ఒక తరగతి గదిలో ఈ పని మొదలుపెడితే అందులోంచి చరిత్ర, లెక్కలు, అడవి, ఇంకా ఎవరి తల మీద ఏముంటుంది అన్న ప్రశ్న, అన్నీ బయటికొస్తాయి.

ముందు పారువేట అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. అహోబిలం నల్లమల కొండల్లో ఉంది. ఆళ్లగడ్డ దగ్గర. పాత కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. తొమ్మిది నరసింహ క్షేత్రాలున్న చోటు. ఎగువ అహోబిలం, దిగువ అహోబిలం అని రెండు ఊళ్లు. చాలా గుళ్లల్లో పారువేట అంటే సంక్రాంతి రోజుల్లో ఒక్కపూట జరిగే వేట ఉత్సవం. అహోబిలంలో అట్ల కాదు. కనుమతో మొదలై దాదాపు నలభై రోజుల పైన సాగుతుంది. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహస్వామి, దిగువ అహోబిలం ప్రహ్లాదవరద స్వామి ఒకే పల్లకిలో కూర్చుని చుట్టుపక్కల ముప్పైకి పైగా పల్లెలు తిరుగుతారు. ఎందుకు తిరుగుతారంటే, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు. అప్పుడు స్వామి కల్యాణం. ఆ పెళ్లికి స్వామే స్వయంగా ఇంటింటికీ వచ్చి పిలుస్తాడని అక్కడి జనం నమ్మకం.

పెళ్లికూతురు వైపు వాళ్లు ఎవరు? చెంచులు. లక్ష్మీదేవి చెంచుల ఇంట చెంచులక్ష్మిగా పుట్టిందని, నరసింహుడు ఆమెను మనువాడాడని కథ. 1958లో వచ్చిన 'చెంచులక్ష్మి' సినిమా వల్ల ఈ కథ ఆంధ్రదేశమంతా తెలుసు. అహోబిలం మండప స్తంభాల మీద స్వామి, చెంచులక్ష్మి కలిసి ఉన్న శిల్పాలు కూడా ఉన్నాయి. అందుకే పారువేట మొదలయ్యేటప్పుడు చెంచులు విల్లంబులతో వచ్చి పల్లకి మీదికి బాణాలు వేస్తారు. బావమరదుల సరసం అన్నమాట.

ఇప్పుడు బడి సంగతి. సంక్రాంతి సెలవులు అయిపోయి బళ్లు తెరిచేనాటికి పల్లకి ఇంకా పల్లెల్లోనే ఉంటుంది. అంటే పండగ, చదువు ఒకేసారి నడిచే రోజులు. ఆ సమయంలో ఆళ్లగడ్డ వైపు ఒక ఊరి బడిలో ఆరు, ఏడు తరగతుల పిల్లలతో నేను మూడు రోజులు ఈ టోపీల పని చేయించాను. విదేశాల్లో ఇట్లాంటివి మామూలే. ఆస్ట్రేలియా బళ్లల్లో ఈస్టర్‌కి పిల్లలు టోపీలు అలంకరించుకుని ఊరేగుతారు. మన దగ్గర టోపీ అనగానే నవ్వొస్తుంది. ఎందుకంటే మన భాషలో టోపీ పెట్టడమంటే మోసం చేయడం. కుచ్చుటోపీ అంటే ఇంకా పెద్ద మోసం. శఠగోపం పెట్టడమన్నా అదే అర్థం.

ఈ శఠగోపం మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. గుడిలో పూజారి మన తల మీద పెట్టే ఆ కిరీటం లాంటిది ఉంది చూడండి, దాని మీద స్వామి పాదాలుంటాయి. నమ్మాళ్వారుకు శఠకోపుడని పేరు. ఆయన స్వామి పాదాల్లాంటివాడని ఆ పాదుకలకు ఆ పేరొచ్చింది. అహోబిల మఠం మొదటి జీయరు పేరు కూడా ఆదివన్ శఠకోప యతీంద్రులే. కాబట్టి అహోబిలంలో తల మీద పెట్టేది ఏదైనా ఉత్త సరదా వస్తువు కాదు. ఈ మాట పిల్లలకు ముందే చెప్పాను.

మరి ఏ టోపీ చేయాలి? మొదట కుళ్లాయి. విజయనగర కాలంలో రాజులు, మంత్రులు, సేనానులు పెట్టుకున్న పొడుగాటి టోపీ ఇది. తిరుమల గుడిలో శ్రీకృష్ణదేవరాయల విగ్రహం చూశారు కదా, తల మీద ఉండేది అదే. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో విరూపణ్ణ, ఆయన పరివారం తలల మీద కూడా అదే కనిపిస్తుంది. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాయలవారి జరీ టోపీ గురించి రాశాడు. ఆ కృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర కాలంలో అహోబిలం వచ్చి స్వామికి కానుకలిచ్చినట్టు శాసనం ఉంది. కాబట్టి ఈ మట్టికీ కుళ్లాయికీ సంబంధం ఉంది.

ఇంకో సంగతి. కుళ్లాయి అనే మాట పారసీకంలోని 'కులాహ్' నుంచి వచ్చింది. సుల్తానుల దర్బారుల్లో నడిచిన ఉడుపును విజయనగరం వాళ్లు తీసుకుని తమది చేసుకున్నారు. తర్వాత కొన్ని వైష్ణవాలయాల్లో స్వామికి కూడా కుళ్లాయి అలంకారం వచ్చింది. ఎక్కడిదో టోపీ ఇక్కడ దేవుడి తల దాకా చేరింది. ఏడో తరగతి పిల్లాడికి ఇంతకంటే మంచి చరిత్ర పాఠం ఏముంటుంది చెప్పండి?

సరే, ఇప్పుడు చేయడం ఎలాగో చూద్దాం. కావాల్సినవి: పాత పెళ్లిపత్రికలు, పాత క్యాలెండర్ షీటు, మైదాపిండి ఉడికించిన జిగురు, దారం, కత్తెర. పెళ్లిపత్రికలే ఎందుకు? ఒకటి, ప్రతి ఇంట్లో కట్టలు కట్టలు పడుంటాయి, కొనాల్సిన పని లేదు. రెండు, మందంగా ఉంటాయి, బంగారు రంగు అంచులుంటాయి. మూడోది అసలైన కారణం. స్వామి తిరుగుతున్నదే పెళ్లికి పిలవడానికి. ఆ పిలుపు పిల్లల తల మీద కనపడాలంటే పెళ్లిపత్రికను మించింది లేదు.

కొలత ఇలా తీసుకోవాలి. దారంతో తల చుట్టుకొలత తీయండి. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు 52 సెంటీమీటర్లు అటూ ఇటూ వస్తుంది. క్యాలెండర్ షీటు వెనకవైపు ఒక మూల దగ్గర గుండుసూది పెట్టి, దానికి 30 సెంటీమీటర్ల దారం కట్టి, చివర పెన్సిలుతో వంపు గీయండి. ఆ వంపు మీద తల కొలత దారాన్ని పరచండి. దారం ఎక్కడ అయిపోతే అక్కడి నుంచి సూది దగ్గరికి గీత గీయండి. అంటించడానికి రెండు సెంటీమీటర్లు అదనంగా వదిలి కత్తిరించండి. చుట్టి అంటిస్తే కుళ్లాయి ఆకారం వస్తుంది. ఇదే పనిని లెక్కతో చేయాలంటే, 52ను 30తో భాగించి, 57.3తో గుణిస్తే కోణం వస్తుంది. దాదాపు 99 డిగ్రీలు. కాగితం మూల 90 డిగ్రీలే కాబట్టి సూదిని సరిగ్గా మూలలో కాకుండా అంచు మీద కొంచెం పక్కకి జరిపి పెట్టాలి. పొడవు పెంచితే కోణం తగ్గుతుంది, టోపీ సన్నగా నిలబడుతుంది. ఇది పిల్లలే కనిపెట్టారు. శంఖువు పాఠం ఎప్పుడో పై తరగతుల్లో వస్తుంది, వీళ్లకి చేతుల్లోకి ముందే వచ్చేసింది.

ఒక జాగ్రత్త. అసలు కుళ్లాయి కొస సూదిగా ఉండదు, కొంచెం గుండ్రంగా ఉంటుంది. కొసను ఒక సెంటీమీటరు కత్తిరించి, పైన చిన్న కాగితపు బంతి అంటిస్తే సరిపోతుంది. లేకపోతే పుట్టినరోజు టోపీలాగా కనిపిస్తుంది.

రంగు కావాలంటే పసుపు నీళ్లు చాలు. పసుపులో సున్నం తేట కలిపితే ఎర్రగా పారాణి రంగు వస్తుంది. సున్నం కలిపే పని మాత్రం పెద్దవాళ్లే చేయాలి, పిల్లల కళ్లల్లో పడకూడదు. ఎండకి పసుపు రంగు వెలిసిపోతుంది. వెలిసిపోనీండి, పండగ టోపీ పండగ దాకా ఉంటే చాలు.

పత్రికల మీద దేవుడి బొమ్మలుంటాయి, వాటి మీద కత్తెర పడకూడదని కొందరు తల్లులు అన్నారు. న్యాయమైన మాటే. అందుకే బొమ్మ ఉన్న ముక్కను ముందే విడిగా తీసి పక్కన పెట్టించాం. వాళ్లవీ వీళ్లవీ పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న వైపు లోపలికి మడిచాం.

ఇప్పటిదాకా అంతా చల్లగానే నడిచింది. రెండో రోజు అసలు సంగతి వచ్చింది. "కుళ్లాయి స్వామి వైపు వాళ్లది సార్, మరి చెంచోళ్ల వైపు?" అని ఒకడు లేచాడు. వెంటనే నలుగురైదుగురు బొమ్మలు గీసేశారు. అందరివీ ఒకటే బొమ్మ: తలకి పట్టీ, దాని మీద నిలువుగా ఈకలు, మొహాన గీతలు. ఎక్కడ చూశార్రా అంటే సినిమాలో అన్నారు, ఫ్యాన్సీ డ్రెస్ పోటీలో అన్నారు. ఆ తరగతిలో చెంచుల పాప ఒకతి ఉంది. వెనక బెంచీలో కూర్చుని తల వంచుకుంది. పక్కనోళ్లు "నువ్వు చెప్పు, మీవాళ్లే గదా" అని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడంది: "మా తాత యీకలు పెట్టుకోడు సార్. గుడ్డ చుట్టుకుంటాడు, అంతే. తేనె తీసేకి పోయేటప్పుడు మొగం గూడా కప్పి గట్టిగ కడతాడు."

చూడండి, ఇక్కడే ఈ పని విలువంతా ఉంది. నల్లమల చెంచులు పీవీటీజీ అని ప్రభుత్వం గుర్తించిన, ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల్లో ఒకరు. తేనె, బంక, దుంపలు, అడవి ఫలాలు వాళ్ల బతుకు. 1943లో ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వాళ్ల మీద పుస్తకమే రాశాడు. పారువేటలో వాళ్లు వియ్యాలవారు. అంత మర్యాద ఉన్న మనుషుల్ని మనం బడి స్టేజీ మీద ఆకులు కట్టి, ఈకలు గుచ్చి నవ్వుల పాలు చేస్తాం. పక్కనే కూర్చున్న పాపకు అది తన తాత బొమ్మ. ఏ పాఠంలోనూ లేని మాట ఒకటి ఆ బొమ్మ ఆమెకి నేర్పుతుంది: నువ్వు మాలాంటిదానివి కాదు అని.

మర్నాడు ఆ పాప ఒక తువ్వాలు తెచ్చింది. తాత కట్టే తీరు చూపించింది. మామూలుగా పొలం పోయేటప్పుడు ఒక చుట్టు, తేనెకి పోయేటప్పుడు ఇంకో చుట్టు. ఆ పీరియడ్‌లో టీచరు ఆమే. ముప్పై మంది నేర్చుకున్నారు. ఒకడు మూడుసార్లు కట్టినా ఊడిపోయింది. "నీ తలకాయ గుండ్రంగ లేదులే" అని ఆమె అంటే తరగతంతా నవ్వింది. ఈసారి ఆమె కూడా నవ్వింది.

అప్పుడు మేం ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరూ ఇంకొకరి వేషం వేయకూడదు. 'మా ఇంట్లోవాళ్లు ఈ పెళ్లికి పోతే తల మీద ఏముంటుంది?' అన్నదే ప్రశ్న. దాంతో టోపీలు రకరకాలయ్యాయి. రైతు తలగుడ్డ వచ్చింది. గొర్రెల కాపరి మనవడు వానలో వేసుకునే గొంగడి కొప్పెర చేశాడు. "కుళ్లాయి మగోళ్లదే గదా సార్" అన్న ఆడపిల్లలు చుట్టకుదురు చేశారు. నీళ్లబిందె కింద పెట్టుకునే గుడ్డచుట్ట. దాని చుట్టూ బంతిపూలు కుట్టారు. నిజం చెప్పాలంటే అన్నిటికంటే అందంగా వచ్చింది అదే.

ఈకల గురించి ఒక మాట. నెమలి ఈకలు అందరికీ ఇష్టమే. కానీ నెమలికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గట్టి రక్షణ ఉంది. రాలిన ఈకల్ని మన దేశంలో అమ్ముకోవడం నేరం కాదుగానీ, రాలినదేదో పీకినదేదో ఎవరు చూడొచ్చారు? అడవి అంచున ఉన్న బడి ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నీలం, పచ్చ పత్రికలతో ఈక చేసి, మధ్యలో బంగారు చుక్క పెట్టండి. అట్లాగే థర్మాకోల్, మెరుపు పొడి వద్దు. పల్లకి వెళ్లిపోయాక అవి పొలాల్లోనే మిగిలిపోతాయి.

చివరిగా, చాలామంది అడిగేది: దేవుడి ముందు టోపీ పెట్టుకోవచ్చా? మన ఊళ్లల్లో పల్లకి వస్తే పెద్దాయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని దండం పెడతాడు. పిల్లలూ అంతే చేయాలి. బడి నుంచి ఊరి మొదటి దాకా టోపీలతో ఊరేగండి. పల్లకి కనపడగానే తీసేయండి. తీసిన కుళ్లాయిని తిరగేస్తే పొట్లం అవుతుంది. లోపల ఒక ఆకు పరిచి పట్టుకుంటే బొరుగులు, పుట్నాల ప్రసాదం అందులోకే. తల మీద శఠగోపం పెట్టేటప్పుడు మాత్రం ఉత్త తలే ఉండాలి.

మీ ఊళ్లో పారువేట లేకపోవచ్చు. జాతర ఉంటుంది, ఉరుసు ఉంటుంది, తిరునాళ్ల ఉంటుంది. మొదట పిల్లల్ని ఇంటికి పంపి, తాత తల మీద ఏముందో, అవ్వ తల మీద ఏం మోసిందో అడిగి రమ్మనండి. ఆ తర్వాతే కత్తెర చేతికివ్వండి. మీ పిల్లలు ఏం చేశారో మాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. సెలవు.