పంటి నొప్పి తగ్గిన పిదప

ఇంట నెవరికి జబ్బుచేసినను పథ్యపానములు చూచునది గృహిణియే. ఆ జబ్బు తనకే చేసినప్పుడు మాత్రము అందరి భోజనములును ముగిసినగాని దాని మాట తలపెట్టదు. ఈ యలవాటువలన స్త్రీలకు గలుగు నష్టములలో పంటికి సంబంధించినది యొకటి. రాత్రులు నిద్రపట్టనంత బాధ కలిగినగాని వైద్యునొద్దకు పోరు. పోయి చికిత్స మొదలిడిన పిదప, నొప్పి తగ్గినతోడనే మరల పోవుట మానుదురు. మొదటి తప్పుకంటె ఈ రెండవ తప్పే మిక్కిలి చెరుపు చేయుచున్నదని మా యభిప్రాయము. దానినిగూర్చియే మా సోదరీమణులతో కొంత ముచ్చటింపదలచితిమి.

బాపట్ల జిల్లాలోని కర్లపాలెమునే తీసికొందము. అది మండలకేంద్రమే యైనను, ఇట్టి చికిత్సలకై అచ్చటి స్త్రీలు బాపట్లకో, తెనాలికో, గుంటూరుకో పోవలసివచ్చుట కలదు. ఒకమారు పోయివచ్చుట యనగా తెల్లవారకముందే వంట తెమల్చుట, పిల్లలను బడికి పంపుట, బస్సుకొరకు కాచియుండుట. నాట్ల దినములైనచో ఆనాటి కూలియు పోవును. రూట్ కెనాల్ చికిత్స కొందరికి ఒక్కనాటనే ముగియును. కొందరికి రెండుమూడు మారులు పట్టును. నొప్పిలేని పంటికై మరల బస్సెక్కుట దండుగ యని తోచుట సహజమే. అది దండుగ కాదని తెలియవలెనన్న, ఈ చికిత్స యనగా నేమో ముందుగా తెలిసికొనవలెను.

పన్ను పైకి రాయివలె గట్టిగానున్నను, దాని నడుమ మెత్తని కండయు, సన్నని రక్తనాళములును, నరములును గలవు. పుచ్చు లోతుగా దిగి యచ్చటికి సోకినప్పుడు భరింపరాని సలుపు పుట్టును. కొన్నాళ్లకు వేరు కొనయందు చీము చేరును. వైద్యుడు తిమ్మిరి సూది వేసి, చెడిన భాగమును తీసి, వేళ్లలోని సన్నని దారులను శుభ్రపరచి, గట్టాపెర్చా యను పదార్థముతో నింపును. ఇది మలయా ప్రాంతపు వృక్షముల పాలనుండి వచ్చునది. తిమ్మిరికై నేడు విరివిగా వాడు లిగ్నొకేయిన్ మందును స్వీడను దేశీయుడగు నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేసెను. కావున “నరము లాగుదురట” యని బెదరి జాగుచేయ బనిలేదు.

చికిత్సయైన నాడు తిమ్మిరి కొన్ని గంటలుండును. అది వదలువరకు ఏమియు నమలరాదు, వేడి కాఫీ త్రాగరాదు. బుగ్గ కొరకుకొన్నను, నాలుక కాలినను తెలియదు. తిమ్మిరి వదలిన పిదప కొంత సలుపు సహజము. పంటిచుట్టునున్న భాగము కుదుటపడుటకు కొన్నాళ్లు పట్టును. మొదటి రెండుమూడు దినములు బాధ యుండి, క్రమముగా తగ్గి, నమలునప్పటి నొప్పి వారము పదిదినములలో పోవుట సామాన్యము.

ఈ దినములలో వైద్యుడు చెప్పిన మాత్రలను చెప్పిన మేరకే వాడవలెను. యాంటీబయాటిక్ మాత్రలు అందరికిని అవసరముండవు. ఇంట మిగిలియున్నవి గదా యని పొరుగువారివో, మగవారివో మ్రింగరాదు. కడుపులో పుండు, మూత్రపిండముల జబ్బు, ఉబ్బసము గలవారును, గర్భవతులును ఐబుప్రొఫెన్ వంటి మాత్రలను వైద్యునడుగక తాకరాదు. గర్భవతులకు పంటి చికిత్స కూడదనుట మాత్రము పొరపాటు. తమ స్థితిని మొదటనే చెప్పిన చాలును. నొప్పి మాత్రను నలిపి చిగురుపై పెట్టుకొనుట కొందరి యలవాటు. దానివలన చిగురు పుండగును గాని నొప్పి పోదు.

ఆహారమున మెత్తగా వండిన పప్పన్నము, పెరుగన్నము, ఇడ్డెనలు, జావ మేలు. ఆ వైపున నమలరాదు. జంతికలు, వేయించిన వేరుసెనగలు, చెరకు, వక్క మానవలెను. కారపు పచ్చళ్లు పంటిని చెరుపవు గాని ఒరసిన చిగురును మండించును. మిగిలిన పండ్లను మెత్తని బ్రష్షుతో తోముట మానరాదు. గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు వేసి పుక్కిలించిన హాయిగా నుండును.

నాలుగవ నాటికి నొప్పి తగ్గుటకు మారుగా పెరిగినను, బుగ్గ వాచినను, జ్వరము వచ్చినను, తాత్కాలికముగా పెట్టిన మూత యూడినను మరల వైద్యునకు చూపవలెను. ఆ పన్ను తక్కిన పండ్లకంటె ముందుగా తగులుచున్నచో, కొంచెము అరగదీసిన సరిపోవును. దవడ క్రిందికిని మెడకును వాపు ప్రాకి, నోరు తెరువలేక, మ్రింగలేక, ఊపిరి యాడకున్నచో మాత్రము తెల్లవారనిమ్మని కూర్చుండరాదు. వెంటనే 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి పోవలెను. ఇట్టి వాపును 1836లో వర్ణించిన జర్మను వైద్యుడు లుడ్విగ్ పేరుతోనే వైద్యులు దీనిని పిలుతురు. అది ప్రాణాపాయకరము.

ఇక అసలు మాట. నరము తీసిన పంటికి చల్లన, వేడి తెలియవు. అది మరల పుచ్చుచున్నను ముందువలె సలిపి హెచ్చరింపదు. కావున నొప్పి లేకుండుట పన్ను బాగున్నదనుటకు సాక్ష్యము కానేరదు. తాత్కాలికపు మూత కొలదిదినములకే యుద్దేశింపబడినది. అది అరిగినచో ఉమ్మితోపాటు సూక్ష్మక్రిములు లోపలికి దిగి, చేసిన శుభ్రమంతయు వ్యర్థమగును. పుచ్చుచేతను, లోపల తొలుచుటచేతను పన్ను బలము తగ్గియుండును గనుక, దవడపంటికి సాధారణముగా పైన క్యాపు వేయవలసియుండును. అది లేక నమలుచుండగా అన్నములోని రాయి యొకటి తగిలినను పన్ను చీలవచ్చును. ఆ చీలిక వేరువరకు పోయినచో పన్ను తీసివేయుటకంటె గతి యుండదు; పెట్టిన ధనమును, పడిన బాధయు నీటిపాలు.

అందుచేత మొదటినాడే వైద్యుని, “ఎన్ని మారులు రావలెను? క్యాపుతో కలిపి మొత్తమెంత యగును?” అని నిస్సంకోచముగా నడుగుడు. ఆ లెక్క యింటివారికిని తెలుపుడు. మరల పోవలసిన తేదీని గోడనున్న క్యాలెండరుపై వ్రాసియుంచుడు. అత్తగారికి కన్ను చూపించు దినమును, పిల్లవానికి టీకా వేయించు దినమును మరువని యిల్లాలు తన పంటి దినమును మాత్రము మరువనేల? ఇంటిల్లిపాదికి వండిపెట్టు తల్లి తాను సుఖముగ నమలి భుజించుట ఆ యింటికి భారము గాదు.