బ్రేకు వేస్తే బాటరీ నిండుతుందా?

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి దాదాపు 40 కిలోమీటర్లు. పోయి రావాలంటే 80. మీ చిన్నాన్న కొత్తగా కరెంటు స్కూటరు కొన్నాడనుకోండి. దాని బాటరీలో 3 కిలోవాట్ గంటల విద్యుచ్ఛక్తి పడుతుంది. వెనుక మీరు కూర్చున్నారు. సాయంత్రానికి ఇల్లు చేరతారా? లేక కామారెడ్డి పొలిమేరలో స్కూటరు తోసుకుంటూ నడుస్తారా?

“బ్రేకు వేసినప్పుడల్లా కరెంటు తిరిగి బాటరీలోకి వస్తుంది” అని దుకాణంలో చెబుతారు. చాలా స్కూటర్ల విషయంలో ఇది నిజమే. కాని ఎంత వస్తుంది?

తాతగారి పాత సైకిలుకు డైనమో వుంటే ఒకసారి దాన్ని టైరుకు ఆనించి తొక్కి చూడండి. దీపం వెలుగుతుంది, కాని తొక్కడం బరువవుతుంది. దీపానికి వెళ్ళే శక్తి మీ కాళ్ళ నుంచే రావాలి కదా! స్కూటరు మోటారు కూడా ఇంతే. కరెంటు ఇస్తే చక్రాన్ని తిప్పుతుంది. కరెంటు ఆపేసి, చక్రమే దాన్ని తిప్పేటట్లు చేస్తే డైనమోగా మారి చక్రాన్ని నిలవరిస్తుంది. మామూలు బ్రేకులో రాపిడి వల్ల వేడిగా గాలిలో కలిసిపోయే గతిజశక్తిలో కొంత ఇలా బాటరీకి చేరుతుంది.

ఈ కిటుకును పూర్తిగా వాడుకునేవి పందెం కార్లు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ ఒడ్డున సుమారు 2.8 కిలోమీటర్ల దారిలో ఫార్ములా ఇ పోటీ జరిగింది. కరెంటు కార్ల ఈ పోటీ మన దేశంలో జరగడం అదే మొదలు. (2024లో జరగవలసినది రద్దయింది.) ఆ కార్ల మోటారు 350 కిలోవాట్ల సామర్థ్యంతో పరుగెత్తిస్తుంది. వేగం తగ్గించేటప్పుడు మాత్రం ముందు, వెనుక మోటార్లు కలిసి 600 కిలోవాట్ల దాకా వెనక్కు రాబట్టగలవు! పందెంలో ఖర్చయ్యే శక్తిలో నూటికి 40 వంతులకు పైగా ఇలా వచ్చేదేనని నిర్వాహకుల లెక్క.

ఆ రోజు ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్, వెనుక నిక్ కాసిడీ తరుముతుంటే, తరిగిపోతున్న శక్తిని పొదుపుగా వాడుకుంటూ అర సెకను లోపు తేడాతో గెలిచాడు. మూడవవాడుగా గీత దాటిన బుయెమి, అనుమతికి మించిన విద్యుత్ సామర్థ్యం వాడినందుకు ఆ స్థానం పోగొట్టుకున్నాడు.

మరి స్కూటరుకూ నూటికి 40 వంతులు వస్తుందా? లెక్క వేద్దాం. గతిజశక్తి అంటే బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణించడం. డ్రైవరుతో కలిసి 840 కిలోల కారు సెకనుకు 60 మీటర్ల వేగంలో వుంటే 15,12,000 జౌళ్ళు. మీ ఇద్దరితో కలిసి 250 కిలోల స్కూటరు సెకనుకు 10 మీటర్ల వేగంలో వుంటే 12,500 జౌళ్ళే. అందులో సగం తిరిగి వచ్చినా 6,250. కిలోమీటరుకు సుమారు లక్ష జౌళ్ళు ఖర్చవుతాయనుకుంటే, ఒకసారి ఆగినందుకు దక్కేది 60 మీటర్ల ప్రయాణం! ఎల్లారెడ్డి చేరేలోగా ముప్పైసార్లు ఆగినా రెండు కిలోమీటర్లు కలిసిరావు. పందెం కారు ప్రతి మలుపులోనూ మహావేగం నుంచి తగ్గుతుంది. మీ దారి అలాంటిది కాదు.

అసలు శత్రువు గాలి. వేగం 40 నుంచి 60కి పెరిగితే గాలి నిరోధం రెండుంపావు రెట్లవుతుంది. బాటరీలో వున్నవి 108 లక్షల జౌళ్ళు. కిలోమీటరుకు లక్ష చొప్పున 108 కిలోమీటర్లు వెళ్ళవచ్చు. తొందరపడి వేగం పెంచగా ఖర్చు లక్షా నలభైవేలయితే 77 దగ్గరే ఆగిపోతుంది. ఆ మిగిలిన మూడు కిలోమీటర్లూ తోయాలి!

ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర మీటరు చూడండి. సగానికి మించి ఖర్చయి వుంటే తెలిసినవారి ఇంట్లో ప్లగ్గుకు తగిలించండి. 750 వాట్ల ఛార్జరయితే గంటలో దాదాపు పాతిక వంతు నిండుతుంది. ఈలోగా చిన్నాన్న టీ తాగుతాడు.