కొల్లేటి యాత్ర

దూరదేశముల సరస్సులను చూచుటకై వేలకొలది రూపాయలు వ్యయము చేయు మన విద్యావంతులలో కొల్లేటిని చూచినవారెందరు? కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ, మన వరిచేల యంచుననే, భారతదేశపు పెద్ద మంచినీటి సరస్సులలో నొకటి యున్నది. శీతకాలమున తీరిక దొరకిన ప్రతి గృహస్థుడును బిడ్డలతో నొకమారు అచ్చటికి పోవలెనని మా కోరిక. చూచి వచ్చినవాడు దానియెడ ఉపేక్షగా నుండజాలడు.

గుడివాడ-భీమవరము రైలుమార్గమున కైకలూరులో దిగి, చేరువనున్న ఆటపాకకు తెల్లవారుసరికి చేరితిమి. గట్టుపై కొంత నడచి పడవ నెక్కితిమి. ఎటు చూచినను గూడబాతులే. ముక్కుక్రింది సంచిని వ్రేలవేసికొని, పెద్దముత్తయిదువలవలె గంభీరముగా నీటిపై తేలుచున్నవి. ఎర్రకాళ్ళ కొంగలు పిల్లల కాహారము తెచ్చుచు రాకపోకలు చేయుచున్నవి. మాతో వచ్చిన బాలుడు, పక్షులు చెట్లపై గాక యినుపకమ్మీల మంచెలపై గూళ్ళు కట్టుకొన్నవేమని యడిగెను. చెట్లు చాలనందున అటవీశాఖవారు వానిని నాటించిరి. ఆ శ్రమ ప్రశంసనీయమే. కాని చెట్టు కరవైన చోట నీటిగతి యెట్లున్నదో విచారింపకుండ తిరిగి వచ్చుటకు మాకు మనసొప్పలేదు.

కొల్లేరు నేటిది కాదు. రెండవ పులకేశి కాలపు ఐహోళె శాసనమునందలి కునాళ సరస్సు ఇదియేయని చరిత్రకారు లెంచుదురు. కొల్లేటికోటలోని పెద్దింట్లమ్మను లంకగ్రామములవారు నేటికిని కొలుచుచున్నారు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులును, డెల్టా మురుగుకాలువలును ఈ సరస్సులోనికి వచ్చును. సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరు మాత్రమే. వానకాలమున వచ్చిన నీటిని కడుపున నిలుపుకొని, మెల్లమెల్లగా కడలికి విడుచుట కొల్లేటి పని. పది అడుగుల కాంటూరువరకు నిండినచో దాని విస్తీర్ణము 901 చదరపు కిలోమీటర్లు. అయిదడుగుల కాంటూరునకు 308. పక్షికి ఆహారమును, జాలరికి చేపను, రైతునకు రక్షణమును ఆ విశాలతవలననే కలుగుచున్నవి.

ఆ విశాలతకే ముప్పు వాటిల్లినది. 1970 తరువాతి సంవత్సరములలో పేద జాలరుల జీవనమునకై సహకార సంఘముల మూలమున చేపలచెరువులు త్రవ్వించిరి. ఉద్దేశము మంచిదే. క్రమముగా పెట్టుబడి గలవారు కౌళ్ళ పేరిట ప్రవేశించిరి. గట్లు పెరిగినవి, నీటికి దారి తరిగినది, గుర్రపుడెక్క దట్టముగా నల్లుకొన్నది. 1999లో అయిదడుగుల కాంటూరువరకు అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో కొల్లేరు రామ్‌సార్ పట్టికలో చేరినది. 2006లో ప్రభుత్వము చెరువుగట్లను పగులగొట్టించెను. పిమ్మట అనేకస్థలముల గట్లు మరల లేచినవి!

పక్షులకొరకు మనుష్యుల పొట్ట కొట్టుదురాయని కొంద రందురు. కాని నీటికి చోటు లేకపోయినచో మునుగునది మనుష్యుని చేనును, ఇల్లునే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచెను. ఆ విపత్తునకు హేతువులు పెక్కు. ఏటి గట్లకు పడిన గండ్లు, ఏటిదారి ఆక్రమణ వానిలో ముఖ్యములు. అయినను బుడమేటి నీరు తుదకు చేరవలసినది కొల్లేటికే గదా! అచ్చట గట్లడ్డమైనచో ఎగువ పొలములును పట్టణములును సుఖముగా నుండుటెట్లు?

న్యాయము రెండు ప్రక్కలను నుండవలెను. పట్టాభూమి గల చిన్నరైతునకు తగిన పరిహారమీయక సరిహద్దు గీయుట ధర్మము కాదు. వలయే ఆధారముగాగల జాలరిని వెడలగొట్టుటయు ధర్మము కాదు. కాని పట్టణమున కూర్చుండి సరస్సును కౌలునకు త్రిప్పువాని కీ సానుభూతిలో పాలు లేదు. మా పాఠకులలో భూస్వాము లనేకులు కలరు. కొల్లేటిలో అక్రమపు గట్టు గలవారు తమంత తామే దానిని తొలగించి యితరులకు దారి చూపవలెనని వారిని వేడుచున్నాము. ఉప్పుటేటి పూడిక తీయించుమని పాలకుల నడుగునప్పుడు మన చేతులు శుభ్రముగా నుండవలెను గదా.

మరల శీతకాలము రాగానే ఆటపాకకు పోయి రండు. గూడబాతులను చూచి సంతోషింపుడు. పిదప గట్టుపై నిలిచి, ఉప్పుటేటి దిక్కుగా నీరు కదలుచున్నదో లేదో కూడ నొకమారు చూడుడు.