ధర్మలింగేశ్వరుడి కొండ

గుండుగొలను అంటే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది హైవే. పదహారో నంబరు జాతీయ రహదారి నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరు వెళ్లే కొత్త దారి మా ఊరి దగ్గరే మొదలవుతుంది. దక్షిణం వైపు చూస్తే చేపల చెరువులు, వాటి అవతల కొల్లేరు. ఉత్తరానికి తిరిగి భీమడోలు దాటితే నేల రంగే మారిపోతుంది. నల్లమట్టి పోయి ఎర్రనేల వస్తుంది. వరి పోయి ఆయిల్‌పామ్, జీడిమామిడి తోటలొస్తాయి. ఆ దారిలో ద్వారకా తిరుమల దాకా వెళ్లని ఇల్లు మా వైపు ఉండదు. అక్కడి నుంచి ఇంకాస్త ముందుకు, కామవరపుకోట దాటి జీలకర్రగూడెం దాకా వెళ్లేవాళ్లు మాత్రం తక్కువ. గుంటుపల్లి బౌద్ధ గుహలున్న కొండ అక్కడే ఉంది. క్రీస్తు పుట్టకముందే భిక్షువులు ఉలి పట్టించి తొలిపించుకున్న కొండ.

హైస్కూల్లో సోషల్ చెప్పినన్నాళ్లూ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లేదాన్ని. రిటైరయ్యాక కూడా వెళ్తూనే ఉన్నాను. అజంతా, ఎల్లోరా పేర్లు గడగడా చెప్పే పిల్లలకి మన జిల్లాలో వాటి సరసన నిలిచే పాత గుహ ఒకటుందని చెబితే నమ్మేవారు కాదు. చూపిస్తే నమ్మేవారు.

మెట్లెక్కి పైకి వెళ్తే ముందు కనిపించేవి విహారాలు, అంటే భిక్షువుల గదులు. ఒక్కో గది ఒక మనిషి పడుకోవడానికి సరిపడా ఉంటుంది, అంతకంటే ఎక్కువ లేదు. ఇసుకరాయి కాబట్టి వానకి, గాలికి అంచులు అరిగిపోయాయి. బౌద్ధ భిక్షువు ఏడాదంతా తిరుగుతూ ఉండాలి, వానాకాలం మూడు నెలలు మాత్రం ఒకచోట ఆగాలి. ఆ నియమం కోసమే ఇలాంటి గుహలు అవసరమయ్యాయి. మరీ అడవిలోకి పోతే భిక్ష దొరకదు, ఊళ్లోనే ఉంటే ధ్యానం కుదరదు. ఈ కొండ రెంటికీ కుదిరింది. కింద పల్లెలు, ఇంకా కిందకి వేంగి మైదానం, కొల్లేటి ఒడ్డున వరి.

నేను ఎక్కువసేపు నిలబడేది గుండ్రటి చైత్యగుహ దగ్గర. వాకిలి పైన గుర్రపునాడా ఆకారంలో కమాను ఉంటుంది. లోపలికి అడుగుపెడితే సుమారు 18 అడుగుల వ్యాసంతో గుండ్రటి గది, మధ్యలో అదే రాతిలో మలిచిన స్తూపం, చుట్టూ ప్రదక్షిణకి దారి. తలెత్తి చూడాలి. పైకప్పు మన తీరప్రాంతపు చుట్టిల్లే. వాసాలు అంచుల నుంచి నడినెత్తికి చేరినట్టు రాతిలో చెక్కారు. రాతికప్పుకి వాసాలెందుకు? అవసరం లేదు. కానీ ఆ పనివాళ్లు అప్పటిదాకా కట్టింది కర్రతో, గడ్డితో. పవిత్రమైన ఇల్లంటే వాళ్ల కళ్లకి అలాగే ఉండాలి. అందుకే కర్ర చేసే పనిని రాతిలో బొమ్మగా నిలిపారు. బీహార్‌లో అశోకుడి కాలం నాటి బరాబర్ కొండగుహల్లో కూడా ఇదే పోకడ కనిపిస్తుంది. అక్కడి లోమస్ ఋషి గుహ వాకిలినీ దీన్నీ పక్కపక్కన పెడితే చుట్టరికం తెలిసిపోతుంది.

మా వైపు జనానికి ఆ స్తూపం స్తూపం కాదు, శివలింగం. పేరు ధర్మలింగేశ్వరుడు. ఒకసారి కొండ కింద కొబ్బరికాయలమ్మే పెద్దావిడని అడిగాను, ఇది బుద్ధుడి స్తూపమని బోర్డు మీద రాశారు కదా అని. "రాసుకోనివ్వండమ్మా, మా తాతల నాటి నుంచీ ఇక్కడున్నది శివుడేనండి" అంది, కొబ్బరికాయ చేతికిస్తూ. ఆవిడ మాటని తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు. వేంగి సీమలో బౌద్ధం సన్నగిల్లి భిక్షువులు వెళ్లిపోయాక, కొండని మళ్లీ ఎక్కింది ఈ పల్లెల వాళ్లే. 19వ శతాబ్దం చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీ పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ వచ్చి కొలతలు తీసుకునే నాటికి ఈ గుహ మట్టిలో కలిసిపోకుండా ఉండటంలో వాళ్ల పూజకీ వాటా ఉందని నా నమ్మకం.

సరిగ్గా దీనికి తిరగేసిన కథ సముద్రం అవతల జరిగింది. మా మేనల్లుడు చేపల మేత వ్యాపారం చేస్తాడు. ఆ పని మీద కంబోడియా వెళ్లి, టోన్లే సాప్ సరస్సు ఒడ్డు నుంచి ఫోన్ చేశాడు. "అత్తా, ఇది అచ్చం మన కొల్లేరే! కాకపోతే చాలా పెద్దది" అన్నాడు. వానాకాలంలో మెకాంగ్ నది పొంగి నీళ్లు వెనక్కి తన్నడంతో ఆ సరస్సు కొన్ని రెట్లు పెరుగుతుంది. ఆ చేపలు, ఆ వరి తిన్న ఖ్మేర్ రాజ్యమే అంగ్‌కోర్ కట్టింది. అక్కడి నుంచి ఇంకా ఉత్తరానికి, థాయ్‌లాండ్ సరిహద్దులో డాంగ్రెక్ కొండల అంచున ప్రేహ్ విహార్ గుడి ఉంది. వాడు అక్కడికీ వెళ్లాడు. సుమారు 525 మీటర్ల ఎత్తున, కింద నిలువు లోయ, పైన దాదాపు 800 మీటర్ల పొడవునా ఒకదాని వెనక ఒకటిగా గోపురాలు, మెట్లు. ఎక్కువ భాగం 11వ శతాబ్దంలో మొదటి సూర్యవర్మ కాలంలో, తర్వాత 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ కాలంలో కట్టారు. అందులో వెలసినవాడు శివుడు, శిఖరేశ్వరుడు. ఇప్పుడు అక్కడ దీపం పెట్టి దణ్ణం పెట్టుకునేది బౌద్ధులు. మన కొండ మీద బుద్ధుడి స్తూపానికి శివపూజ, వాళ్ల కొండ మీద శివుడి గుడిలో బుద్ధపూజ. కొండ ఎక్కే కాళ్లు మాత్రం అక్కడా ఇక్కడా ఆగలేదు.

ఆ గుడి కోసం రెండు దేశాలు కోర్టుకెళ్లాయి. 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం దాన్ని కంబోడియాదని తేల్చింది. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాక కూడా సరిహద్దులో తుపాకులు మోగాయి. 2025 జూలైలో మళ్లీ పోరు. మేనల్లుడు పంపిన ఫొటోలు చూసినప్పుడల్లా ఆ రాళ్లకి ఇంకేం జరుగుతుందోనని దిగులేస్తుంది. మన కొండకి అలాంటి గొడవ లేదు, అది అదృష్టం.

ఎవరి డబ్బుతో కట్టారన్నది నాకు ఇంకా ముఖ్యం. ఖ్మేర్ పెద్ద గుళ్లు ఎక్కువగా రాజుల ఆజ్ఞతో లేచాయి. అంగ్‌కోర్‌లోని తా ప్రోమ్ గుడి శాసనం, 1186 నాటిది, ఆ ఒక్క గుడి సేవకి 3,140 ఊళ్లని, 79,365 మందిని లెక్క రాసింది. అంత అన్నం, అంత చాకిరీ ఒక్క వాకిట్లోకి చేరింది. మన గుంటుపల్లి కొండపై మండపం స్తంభాల మీద ఉన్నది వేరే రకం రాత. కళింగ, మహిషక దేశాల ఏలిక, మహామేఘవాహన వంశీయుడు సిరి సద అనే రాజు దగ్గర చులగోమ అనే లేఖకుడు ఉండేవాడు. ఈ మండపం అతని దానం. ఒడిశాలో హాథీగుంఫా శాసనం వేయించిన ఖారవేలుడిది కూడా ఆ వంశమే. శాసనంలో రాజు పేరు ఉంది, బిరుదులున్నాయి, అయినా మండపం ఇచ్చింది మాత్రం ఆఫీసులో కలం పట్టుకున్న మనిషి. ఇది చదివి వినిపించిన రోజున ఒక పిల్లాడు "అంటే క్లర్కా టీచర్!" అని నోరు తెరిచాడు. అవును, క్లర్కే. రెండు వేల ఏళ్ల తర్వాత కూడా మన జిల్లాలో ఆ క్లర్కు పేరు చదవగలుగుతున్నాం. నాకు ఆ కొండ మీద అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే.

పైన మెట్ట మీద చిన్నా పెద్దా స్తూపాలు వరసలుగా ఉన్నాయి. ఇటుకవి కొన్ని, రాతివి కొన్ని. మొక్కుబడి తీర్చుకోడానికి కట్టించినవి. అవీ ఆ కలం మనిషి లాంటివాళ్లవే అయి ఉంటాయని నేననుకుంటాను.

ఇక్కడికి దగ్గర్లోని పెదవేగే ఒకప్పటి వేంగి, శాలంకాయన రాజుల రాజధాని. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ వేంగికి వచ్చినప్పుడు ఈ దేశంలో ఇరవై పైచిలుకు సంఘారామాలు, మూడు వేల మంది భిక్షువులు ఉన్నారని రాశాడు. రాజధాని దగ్గర ఒంటరి కొండ మీద తర్కపండితుడు దిఙ్నాగుడు గ్రంథం రాశాడని కూడా చెప్పాడు. అప్పటికే తూర్పు తీరపు రేవుల నుంచి ఓడలెక్కిన వర్తకులతో, బ్రాహ్మణులతో, భిక్షువులతో దక్షిణాది లిపి కంబోడియాకి చేరింది. తేదీ తెలిసిన తొలి ఖ్మేర్ భాషా శాసనం 611 నాటిది. తొలి తెలుగు శాసనంగా చెప్పుకునే మన కలమళ్ల శాసనం సుమారు 575 నాటిది. రెండు భాషలూ ఇంచుమించు ఒకే తరంలో రాతి మీదకి ఎక్కాయి. ఖ్మేర్ అక్షరాల నెత్తిన తలకట్టు లాంటి గీత చూస్తే మనకి కొత్తగా అనిపించదు.

ప్రేహ్ విహార్‌కి వెళ్లాలంటే విమానం, వీసా కావాలి, సరిహద్దు ప్రశాంతంగా ఉండాలి. గుంటుపల్లికి ఏలూరు నుంచి పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి వెనక్కి రావచ్చు. కార్తీకం నుంచి మాఘం దాకా బాగుంటుంది. వానాకాలంలో రాయి జారుతుంది, ఎండాకాలంలో కొండ కాలుతుంది. మంచినీళ్లు ఇంటి దగ్గరే నింపుకోండి. ధర్మలింగేశ్వరుడికి దణ్ణం పెట్టుకోండి, నేనూ పెట్టుకుంటాను. కానీ నూనె, కుంకుమ ఆ మెత్తటి రాతికి పూయకండి, రాతిలోకి ఇంకిపోతే తీయడం ఎవరి తరమూ కాదు. గోడల మీద మీ పేర్లు గీకకండి, పిల్లల్ని గీకనివ్వకండి. ఈసారి చిన వెంకన్న దర్శనానికి ద్వారకా తిరుమల వచ్చినప్పుడు ఇంకో పూట చేతిలో ఉంచుకుని జీలకర్రగూడెం దాకా రండి.