సైకిల్‌ను మూల పెట్టే ముందు...

సైకిల్ పందేలు చూసేవాళ్లకు యెన్స్ ఫోగ్ట్ పేరు చెప్పగానే ఒక మాట గుర్తొస్తుంది. 'నోర్మూసుకోండి కాళ్లూ!' కొండ ఎక్కేటప్పుడు పిక్కలు భగభగ మండుతుంటే ఆ జర్మన్ సైక్లిస్టు తన కాళ్లను కసిరే మాట అది. తర్వాత అది టీషర్టుల మీదికీ ఎక్కింది, ఆయన ఆత్మకథకు పేరూ అయింది. డాక్టర్‌గా నాకు మాత్రం ఆ మాట వింటే కాస్త గుబులు. ఎందుకో చెప్పే ముందు ఆయన సంగతి కొంచెం వినండి.

ఫోగ్ట్ 1971లో అప్పటి తూర్పు జర్మనీలో పుట్టాడు. 1997లో ప్రొఫెషనల్ అయ్యాడు. టూర్ డి ఫ్రాన్స్ గురించి మీరు వినే ఉంటారు. మూడు వారాల పాటు దాదాపు 3,500 కిలోమీటర్లు తొక్కాలి, మధ్యలో ఆల్ప్స్, పిరనీస్ పర్వతాలు దాటాలి. ఆ పందెంలో 1998 నుంచి 2014 వరకు ఒక్క ఏడాదీ మానకుండా 17 సార్లు బరిలో దిగాడు. టూర్‌ను గెలిచింది లేదు. 2001లో ఒకటి, 2006లో ఒకటి, రెండు స్టేజీలు గెలిచాడంతే. ఎక్కువ కాలం ఆయన చేసింది జట్టు నాయకుడి కోసం గాలికి ఎదురు తొక్కే చాకిరీ.

దెబ్బలకు లెక్కలేదు. 2009లో కొండ దిగుతూ ముఖం రోడ్డుకు గుద్దుకునేలా పడ్డాడు. దవడ పైన ఉండే చెంప ఎముక విరిగింది, మెదడుకు కుదుపు తగిలింది. మరుసటి ఏడాది మళ్లీ వచ్చి, మళ్లీ పడ్డాడు. సైకిల్ విరిగిపోతే ఎవరో ఇచ్చిన చిన్నపిల్లల సైకిలెక్కి, జట్టు సైకిల్ దొరికే దాకా దాని మీదే తొక్కాడు. ఈ సంగతిని ఆయన అభిమానులు నవ్వుతూ చెప్పుకుంటారు. తలకు దెబ్బ తగిలినవాళ్లను రోజూ చూసే నాకు అంత నవ్వు రాదు.

2014 ఆగస్టులో అమెరికాలో చివరి రోడ్డు పందెం ఆడాడు. అందులో ఒకరోజు అందరినీ వదిలి ఒంటరిగా ముందుకెళ్లాడు. ముగింపు ఇంకా కిలోమీటరు కూడా లేదనగా గుంపు పట్టేసింది. సెప్టెంబర్ 18న, 43వ పుట్టినరోజు మర్నాడు, స్విట్జర్లాండ్‌లోని గ్రెన్‌షెన్ ట్రాక్ మీద గంటలో 51.110 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు పెట్టాడు. పోటీలకు దండం పెట్టింది ఆ రోజే. ఆరు వారాలకే ఇంకొకరు ఆ రికార్డు దాటేశారు, అది వేరే సంగతి.

ఆపేస్తే ఏమవుతుంది?

ఇన్నేళ్లు తొక్కిన ఒళ్లు ఒక్కసారిగా ఖాళీ అయితే ఏమవుతుందన్నది నాకు ఆసక్తి కలిగించే ప్రశ్న. వ్యాయామం పూర్తిగా మానేస్తే ఒకట్రెండు వారాల్లోనే రక్తంలో ద్రవభాగం తగ్గుతుంది. ఆయాసం పడకుండా చేయగలిగే పని తగ్గుతున్నట్టు నెల తిరక్కుండానే పరీక్షల్లో కనిపిస్తుంది. మనం తిన్న చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరాలే. వాటికి పని తగ్గితే చక్కెర రక్తంలోనే తచ్చాడుతుంది. ఆకలి మాత్రం పాత లెక్కనే కొనసాగుతుంది! అందుకే మాజీ క్రీడాకారుల్లో కొందరు చూస్తుండగానే లావెక్కుతారు.

ఫోగ్ట్ సైకిల్‌ను వదల్లేదు. 2017 జనవరిలో బెర్లిన్‌లోని ఓ చిన్న గుట్టను ఎక్కుతూ దిగుతూ, ఎక్కిన ఎత్తంతా కలిపి ఎవరెస్ట్ ఎత్తుకు, అంటే 8,848 మీటర్లకు, చేరే దాకా తొక్కాడు. క్యాన్సర్ రోగులకు విరాళాల కోసం. అంత మీరు చేయనక్కర్లేదు, దయచేసి చేయకండి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఓపీకి వచ్చిన ఒక పెద్దాయన వల్ల. ఆయనా వృత్తిరీత్యా సైక్లిస్టే. ముప్పై అయిదేళ్లు ఊళ్లు తిరుగుతూ ఉత్తరాలు, మనియార్డర్లు పంచిన పోస్ట్‌మ్యాన్. రిటైరయ్యాక కొడుకు ప్రేమగా స్కూటీ కొనిచ్చాడు. 'ఇంకా సైకిలేంటి నాన్నా, నలుగురూ ఏమనుకుంటారు?' అన్నాడట. బజారు సంచీ కోడలు అందుకుంది, మంచినీళ్ల బిందె మనవడు అందుకున్నాడు. రెండేళ్లలో ఎనిమిది కిలోలు పెరిగారు. షుగర్ బయటపడింది.

తప్పు పడుతున్నానని అనుకోకండి. మా నాన్న విషయంలో నేనూ ఇదే చేశాను. పెద్దవాళ్లకు పని చెప్పకపోవడమే గౌరవమని మన ఇళ్లలో అనుకుంటాం.

ఏ నొప్పి ఎలాంటిది?

ఆయన వచ్చింది షుగర్ కోసం కాదు. రెండు వందల మీటర్లు నడిస్తే పిక్క పట్టేస్తోంది, రెండు నిమిషాలు నిలబడితే సర్దుకుంటోంది. 'అలవాటు తప్పింది కదా డాక్టర్ గారూ, పళ్ల బిగువున నడుస్తున్నా' అన్నారు. బీడీల అలవాటు పాతది. పాదం మీద నాడి పట్టి చూస్తే అందీ అందనట్టుంది. కాలి రక్తనాళాలు పూడుకుపోతున్నాయి. కాళ్లలో పూడిక ఉన్నవాళ్లకు గుండె నాళాల్లోనూ ఉండే అవకాశం ఎక్కువ. అందుకే కాళ్ల కోసం వచ్చినాయనకు ఈసీజీ కూడా తీయించాం.

నా గుబులు ఇక్కడే. పందెంలో కాళ్లు మండటం అలసట. అది చాలా రోజుల తర్వాత నడిచినప్పుడు రెండు పిక్కల్లో వచ్చే సలుపు లాంటిది, రెండు రోజుల్లో పోతుంది. కానీ ప్రతిసారీ అంతే దూరానికి వచ్చి, ఆగగానే తగ్గే నొప్పిని కసిరి నోరు మూయించకూడదు. రాత్రి పడుకున్నా పాదం నొప్పిగా ఉన్నా, ఒక పిక్క మాత్రమే వాచి వేడిగా ఉన్నా అదే రోజు చూపించుకోండి. ఛాతీలో బరువు దవడకో చేతికో పాకినా, మెట్లెక్కుతుంటే ఎప్పుడూ లేని ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా ఇంకేమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

తమాషా ఏమిటంటే, ఆయన జబ్బుకు మందుల్లో ఒకటి నడకే. బీడీ మానాలి, కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర, రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర వేసుకోవాలి, షుగర్ అదుపులో పెట్టుకోవాలి. వీటితో పాటు పిక్క బాగా నొప్పి పుట్టే దాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. వారానికి కనీసం మూడు రోజులు, మొదట అరగంట. అంటే ఫోగ్ట్ మాట ఇక్కడ కొంత పనికొస్తుంది, కాకపోతే రోగమేమిటో తేలి, గుండె సంగతి చూశాక, డాక్టర్ చెప్పినంత మేరకే. సొంతంగా మొదలెట్టొద్దు.

ఇంకో మాట. సైకిల్ తొక్కినంత మాత్రాన ఎముకలు గట్టిపడవు. సీటు మీద కూర్చుంటాం కాబట్టి వెన్నుపూసల మీద బరువు పడదు. ఏళ్ల తరబడి సైకిల్ ఒక్కటే తొక్కే పోటీదారుల్లో వెన్ను ఎముకల సాంద్రత తక్కువగా కనిపించడం మాకు తెలిసిన విషయమే. నడక, మెట్లు, ఇంటికి కూరగాయల సంచీ మోయడం... ఇవీ ఉండాలి.

మూడు నెలలకు పెద్దాయన మళ్లీ వచ్చారు. బస్టాండు నుంచి ఒక్కసారే ఆగి నడిచొచ్చారట. బీడీ మానలేదు కానీ బాగా తగ్గించారట, నిజమో కాదో కొడుకు ముఖం చూస్తే తెలిసింది. 'వచ్చేసారి సైకిల్ మీద రావచ్చా?' అని అడిగారు. మా ఊరి మెయిన్ రోడ్డు ట్రాఫిక్ తలచుకుని, మొదట వాళ్ల వీధిలోనే తొక్కమన్నాను. టైర్లు పాడైపోయాయట. మార్పించమని ఆ కొడుక్కే చెప్పాను.