ఒకే మతం, వేర్వేరు ధ్రువపత్రాలు: ముస్లింలకు రిజర్వేషన్ల అమలు

యాగంటి ఉన్న బనగానపల్లె మండలం నుంచి నంద్యాలలో డిగ్రీ సీటు కోరే ముగ్గురు ముస్లిం విద్యార్థులను ఊహించండి. ఒకరు దూదేకుల, మరొకరు షేక్, మూడోవారు సయ్యద్. దూదేకుల విద్యార్థి బి.సి.–బి, షేక్ విద్యార్థి బి.సి.–ఇ. సయ్యద్ విద్యార్థి ఓ.సి. మతం ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు?

మతం కారణంగానే పౌరులపై వివక్ష చూపరాదని రాజ్యాంగంలోని 15(1) అధికరణం చెబుతుంది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని 15(4) చెబుతుంది. కాబట్టి మతం కాదు, వెనుకబాటు నిరూపణ కావాలి. దూది ఏకే వృత్తిగల దూదేకులవారు బి.సి. జాబితాలో చాలాకాలంగా ఉన్నారు. మిగిలినవారి విషయమే చిక్కయింది. ముస్లింలందరినీ ఒకే తరగతిగా తీసుకొని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లో ఇచ్చిన 5 శాతం రిజర్వేషన్‌ను హైకోర్టు కొట్టివేసింది. వెనుకబాటును నిర్ణయించిన పద్ధతిని అది తప్పుపట్టింది.

2007 చట్టం దారి మార్చింది. అత్తరు సాయిబులు, గారడి సాయిబులు, ఫకీరులు, షేక్‌లు వంటి సమూహాలను పేర్కొని 4 శాతం కేటాయించింది. సయ్యద్, మొఘల్, పఠాన్ తదితరులను మినహాయించింది. దీనినీ 2010లో హైకోర్టు కొట్టివేసినా, అదే ఏడాది సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది.

ఈ పద్ధతి న్యాయస్థానం ముందు నిలవడానికి అనువైనదే గాని, లోపం లేనిది కాదు. బనగానపల్లె ఒకప్పుడు నవాబుల సంస్థానం. అయినా ‘సయ్యద్’ అనే ఇంటిపేరు నేటి కూలి కుటుంబపు ఆదాయాన్ని చెప్పదు. అటువంటి విద్యార్థి తహసీల్దారు కార్యాలయంలో ఆర్థికంగా బలహీన వర్గాల ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవాలి.